ఎర్రచెల్కలో పన్నెండుమంది

సోమవారం పొద్దున భూమిక లిఫ్టు వదిలేసి ఆఫీసుకు మెట్లమీదుగానే ఎక్కింది. పెళ్ళయి నలభై రోజులే. కాలి వేళ్ళకున్న కొత్త వెండి మెట్టెలు రాతిమీద టక్కు టక్కుమంటుంటే వినడం ఆమెకింకా తనివి తీరలేదు. చేతిసంచిలో కొత్త స్టీలు డబ్బా ఉంది. దాని మూతమీద ఇద్దరి పేర్లూ చెక్కించి చిన్నమ్మ పెళ్ళికి పెట్టింది. లోపల సర్వపిండి. కరుణాకర్ పొద్దున్నే లేచి స్వయంగా చేశాడు, అంచులు నల్లగా మాడ్చి మరీ. మాడిన సర్వపిండి ఇంత రుచిగా ఉంటుందని నలభై రోజుల కిందట ఆమెకు తెలియదు.

మూడో అంతస్తులో తలుపు తీయగానే చప్పట్లు వినిపించాయి.

ఉన్న పదకొండుమందీ పద్మలత కుర్చీ చుట్టూ మూగి ఉన్నారు. పద్మలత మందమర్రి పిల్ల. ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. బొగ్గుగని కార్మికుని బిడ్డ. ఎవరేమన్నా ముందు తల వంచుకుని వింటుంది, తర్వాత మెల్లగా మాట్లాడుతుంది. ఇప్పుడు కూడా చప్పట్లు తనకు కావన్నట్టు తెరవైపే చూస్తోంది.

"రా అమ్మా భూమికా, జర ఇటు చూడు," అన్నాడు పరశురాములు సార్. కరీంనగర్‌లో ఆ చిన్న కంపెనీ పెట్టింది ఆయనే. "మన పద్నాలుగు సెకన్ల కథ ఒడిసింది. నలభై మిల్లీ సెకన్లు. చాయ్ ఊదుకునే టైం గూడ ఇయ్యలే ఈ పిల్ల."

భూమిక సంచి దించకుండానే తెరవైపు వంగింది.

ఆ పద్నాలుగు సెకన్లు ఆమెవే. ఆదిలాబాద్ దిక్కున్న ఒక పత్తి రైతుల సంఘం కోసం ఎనిమిది నెలలుగా చేస్తున్న పని అది. ఏ ఊరి పత్తి ఏ బేలులోకి చేరిందో కొనేవాళ్ళు అడుగుతారు. అది చెప్పడానికి రైతు, బండి, కాంటా చిట్టీ, జిన్నింగు మిల్లులో పోసిన కుప్ప, చివరికి వచ్చిన బేలు, ఒక్కోదాన్నీ ఒక్కో చుక్కగా, ఒక్కో నోడ్‌గా పెట్టి వాటి మధ్య గీతలు కలిపారు. మొత్తం పన్నెండు లక్షల నోడ్‌లు. "ఎర్రచెల్కవాళ్ళ పత్తి ఎటు పోయింది" అని అడిగితే పద్నాలుగు సెకన్లు తెర తెల్లగా ఉండిపోయేది. భూమిక పెద్ద మిషన్ కావాలని అడిగింది, మెమరీ పెంచింది, రెండు ఆదివారాలు దానిమీదే కూర్చుంది. అది పద్నాలుగు నుంచి పదమూడుకు దిగింది, అంతే.

పద్మలత ప్రశ్నలో ఒక్క మాట చేర్చింది. నోడ్ అని ఉన్నచోట, అది ఏ రకందో చెప్పే 'రైతు' అనే లేబుల్ రాసింది.

"ఎట్ల తట్టింది బిడ్డా నీకు?" అని సార్ అడిగాడు.

"మా బాపును ఎతకాలంటే మందమర్రి మొత్తం ఇల్లిల్లు తట్టి అడుగం గద సార్. ఏ గని, ఏ షిఫ్టు అని చెప్పి సీదా అక్కడికే పోతం. మన ప్రశ్న లేబుల్ లేకుండ అడుగుతున్నది. అందుకే అది పన్నెండు లచ్చల నోడ్‌లను తట్టి, నీది ఎర్రచెల్కనా, నీది ఎర్రచెల్కనా అని బండిని గూడ అడుగుతున్నది, చిట్టీని గూడ అడుగుతున్నది. రైతు అని చెప్తే ఊరిపేర్ల పట్టీ, గా ఇండెక్స్ పట్టుకొని సీదా పోతది. ఇండెక్స్ అక్క ముందే కట్టి పెట్టింది. లేబుల్ రాస్తెనే అది పనిజేస్తది."

అక్క ముందే కట్టి పెట్టింది. ఆ మాట మెచ్చుకోలుగానే వచ్చిందని భూమికకు తెలుసు. అయినా సరే, తాను తలుపు చేసి, గొళ్ళెం బిగించి, ఎనిమిది నెలలు గోడమీదుగా దూకినట్టు అనిపించింది. చెవుల దాకా వేడెక్కింది.

"బాగుంది," అంది.

సార్ మిర్చి బజ్జీలు తెప్పించాడు. తింటూ అసలు మాట చెప్పాడు. "శుక్రవారం ఆదిలాబాద్ పోతున్నం. సంఘం పెద్దమనుషులుంటరు, ఎర్రచెల్క నుంచి నలుగురైదుగురు రైతులుంటరు. ఈ లిస్టుల పేరున్నోళ్ళే వచ్చే సీజన్ల సంఘం సభ్యులు, వాళ్ళ పత్తే తీసుకుంటరట. దసరా నుంచి సీజన్ మొత్తం ఆ పని ఒకరికే అప్పజెప్తా. ఎవరికన్నది అక్కడ్నే చెప్తా."

మొన్న శుక్రవారం దాకా ఆ 'ఒకరు' ఎవరన్న అనుమానం ఆఫీసులో ఎవరికీ లేదు. ఇప్పుడు పదకొండుమందిలో ఒక్కరు కూడా భూమికవైపు చూడలేదు. అదే ఆమెకు గుచ్చుకుంది. బజ్జీ చల్లారిపోయింది.

*

సాయంత్రం కరుణాకర్ స్కూటర్‌మీద వచ్చాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. చొక్కా జేబుమీద ఎప్పుడూ సుద్దపొడి ఉంటుంది. దాన్ని దులపడం భూమికకు ఇష్టమైన పనుల్లో ఒకటి. మానేరు డ్యాం కట్టమీద ఇద్దరూ ఒక్క మక్కకంకి కొనుక్కున్నారు. రెండు కొనే అలవాటు వాళ్ళకింకా రాలేదు.

జరిగినదంతా చెప్పింది. చేత్తో గాలిలో నోడ్‌లు గీసి, గీతలు కలిపి మరీ చెప్పింది.

"ఒక్క మాటతోనా?" అన్నాడు కరుణాకర్. "ఆ పిల్ల మస్తు హుషారున్నట్టుంది."

భూమిక కంకి నోటికాడి నుంచి దించింది.

"నువ్వు గూడ షురూ జేసినవా బావా?"

"నేనేమన్న?"

"హుషారున్నదన్నవు."

"నువ్వు ఇంకా హుషారు."

"ఇప్పుడంటవు. ముందు నోట్లకెళ్ళి వచ్చింది ఆమె పేరే."

"నాకు ఆ పిల్ల పేరే తెల్వదు, భూమీ."

"పద్మలత," అంది భూమిక. అనేశాక, తానే పేరు చెప్పినందుకు మరింత కోపం వచ్చింది. మిగిలిన కంకిలో గింజలన్నీ ఒలుచుకుని చివరి బోడి ముక్క అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూసి, మిగిలిన రెండు గింజలు శ్రద్ధగా ఏరుకుని తిన్నాడు. నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. వెనక కూర్చుని ఇంటిదాకా అతని నడుం పట్టుకోలేదు. స్పీడు బ్రేకర్ దగ్గర మాత్రం పట్టుకుంది.

*

మంగళవారం అందరికంటే ముందు వచ్చింది. ఒక్క లేబుల్‌తో అంత తేడా వస్తే, ప్రశ్నలో ఉన్న ప్రతి నోడ్‌కూ లేబుల్ రాస్తే ఎంత తేడా రావాలి. రైతు నుంచి చిట్టీ, చిట్టీ నుంచి కుప్ప, కుప్ప నుంచి బేలు. దారి పొడవునా అన్నిటికీ పేర్లు రాసింది. గాజులు కీబోర్డుమీద గలగలమంటుంటే పైకి తోసుకుని ప్రశ్న నడిపింది.

అరవై ఎనిమిది మిల్లీ సెకన్లు.

మళ్ళీ నడిపింది. డెబ్భై. ప్రశ్న ఎంత పనిచేసిందో చూపించే లెక్క తెరిచింది. నిన్న డేటాబేస్‌ను తొమ్మిది వందలసార్లు తాకి ముగించిన పనికి ఇవాళ రెండువేల మూడువందలసార్లు తాకింది.

"అక్కా," అని వెనకనుంచి పద్మలత. ఎప్పుడు వచ్చిందో, జడ తడిగా ఉంది. "మొదలు ఒక్కకాడ చాలక్కా. చిట్టీ నుంచి పోయే గీత కుప్పకు తప్ప ఇంకెటూ పోదు గద. మళ్ళ లేబుల్ రాస్తే ప్రతికాడ ఆగి, నువ్వు కుప్పవేనా అని అడుగుతది. ఉత్త పని."

"నాకెరుకే," అంది భూమిక. "ఊకెనే సూస్తున్న."

పద్మలత వెళ్ళలేదు. కుర్చీ వెనక చెయ్యి పెట్టి నిలబడింది. "అక్కా, ఒక్క మాట. మొన్న శనివారం నేను డేటా మళ్ళ ఎక్కించిన గద. ఫోల్డర్లున్న పాత స్క్రిప్టే వాడిన. దాంట్ల పత్తి పండించిన అందరికీ రైతు లేబుల్ పడుతది గద? నేను మొదట్నుంచి లేకుంటి, నీకైతే తెలుస్తదని."

"ఆఁ," అంది భూమిక తెర మీంచి తల తిప్పకుండా. "పడుతది."

"చూసి చెప్పమంటే కాదు, నీకు పనుంటే…"

"పడుతది అన్న గద పద్మలతా."

పద్మలత తల ఊపి వెళ్ళిపోయింది. భూమిక తాను రాసిన లేబుళ్ళన్నీ ఒక్కొక్కటిగా చెరిపేసింది. చెరుపుతున్నంతసేపూ ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కలకు చూసింది.

బుధవారం మధ్యాహ్నం సార్, శుక్రవారం చూపించే జాబితా అచ్చు తీయమన్నాడు. ఎర్రచెల్క రైతులు, యాభైఒక్క మంది. భూమిక కాగితం ప్రింటర్ నుంచి అందుకుంటూ ఆగింది. ఎనిమిది నెలలు చూసిన ఊరు. లేబుల్ లేని నెమ్మది ప్రశ్న ఎప్పుడడిగినా అరవైమూడు అనేది.

తన పాత ప్రశ్న తీసి నడిపింది. పదమూడు సెకన్లు చేతులు కట్టుకుని కూర్చుంది. అరవైమూడు.

రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి పెన్సిలుతో కొట్టేసుకుంటూ వచ్చింది. పన్నెండు పేర్లు మిగిలాయి. ఒక్కో నోడ్ తెరిచి చూసింది. పన్నెండింటికీ భూమి పట్టా పాస్‌బుక్ నంబరు ఖాళీ. పన్నెండింటికీ రైతు అనే లేబుల్ లేదు. దాని బదులు 'డ్రైవర్' అని ఉంది. అందులో ఒక పేరు శంకరవ్వ, వయసు యాభైఎనిమిది.

యాభైఎనిమిదేళ్ళ శంకరవ్వ ట్రాలీ ఆటో నడుపుతున్నట్టు ఊహించుకునేసరికి భూమికకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఇంకో రకంగా మారింది. శనివారం డేటా ఎక్కించింది ఎవరు? పద్మలత. లేబుల్ చేర్చి ప్రశ్నను పరుగెత్తించింది ఎవరు? పద్మలత. పరుగెత్తింది సరే, పన్నెండుమందిని కిందపడేసి పరుగెత్తింది.

లేచి రెండడుగులు వేసింది. పద్మలత కిటికీ దగ్గర ఫోనులో అమ్మతో మాట్లాడుతోంది. "శుక్రవారం నన్ను గూడ తీస్కపోతున్నరవ్వా. ఆఁ, కారుల." ఆ మాటలోని సంబరం భూమిక కాళ్ళకు అడ్డుపడ్డట్టయింది. ఇప్పుడు చెబితే ఐదు నిమిషాల్లో సరిచేస్తుంది. సార్ మళ్ళీ బజ్జీలు తెప్పిస్తాడు. శుక్రవారం అందరిముందు బయటపడితే?

వెనక్కి వచ్చి కూర్చుంది. పన్నెండు పేర్లున్న కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. యాభైఒక్క మంది జాబితా సార్ బల్లమీద పెట్టింది.

ఆ రాత్రి అన్నం తింటూ రెండుసార్లు తనలో తనే నవ్వుకుంది. కరుణాకర్ పప్పు వడ్డిస్తూ, "ఏంది, నాకు గూడ చెప్పరాదు," అన్నాడు. "ఏం లేదు," అంది. పెళ్ళయ్యాక అతనికి చెప్పకుండా దాచుకున్న మొదటి సంగతి అదే. గురువారం కూడా దాచుకుంది. దాచుకున్నకొద్దీ దాని రుచి తగ్గుతూ వచ్చింది. మొదటిరోజు బెల్లంలా ఉన్నది రెండోరోజుకు నాలుకకు అంటుకుని వదలని వక్కలా అయింది.

*

శుక్రవారం తెల్లారకముందే కారు బయలుదేరింది. ముందు సార్, వెనక వీళ్ళిద్దరూ. నిర్మల్‌లో ఇడ్లీలు తిన్నారు. ఘాటు రోడ్డు మొదలయ్యాక పద్మలత మొహం తెల్లబడింది. కిటికీ దించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కారు అలవాటు లేదక్కా. బస్సుల ఏం గాదు."

భూమిక సంచిలోంచి నిమ్మకాయ తీసి ఇచ్చింది. తన కోసమే తెచ్చుకుంది. పద్మలత దాన్ని వాసన చూస్తూ చూస్తూ నిద్రపోయింది. తల మెల్లగా వాలి భూమిక భుజంమీద ఆగింది. కొబ్బరినూనె వాసన. తోసేయడానికి భూమిక భుజం కదిలించబోయింది. కదిలించలేదు. ఆదిలాబాద్ వచ్చేదాకా అలాగే బిగుసుకుని కూర్చుంది. సంచిలో మడతపెట్టిన కాగితం తొడకు తగులుతూనే ఉంది.

సంఘం ఆఫీసు జిన్నింగు మిల్లు వెనక ఒక రేకుల హాలు. సీజన్ ఇంకా మొదలుకాలేదు గాని కిటికీ ఊచలకు పోయిన ఏటి దూది తెల్లగా పట్టుకునే ఉంది. సంఘం అధ్యక్షుడు రాజలింగు, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. ఎర్రచెల్కవాళ్ళు ఐదుగురు గోడ పక్క బెంచీమీద సర్దుకున్నారు. వాళ్ళలో ఒక ఆమె కాళ్ళు పైకి ముడుచుకుని, గోచి చీర సర్దుకుని, తెరనే చూస్తోంది. చెవులకు బరువైన గంటీలు.

పద్మలత ప్రశ్న నడిపించింది. పేర్లు ఒక్కసారిగా తెర నిండా పడ్డాయి. రాజలింగు ముందుకు వంగాడు. "గప్పుడే? పోయినసారి మీరు చూపెట్టినప్పుడు నేను బయటికి పోయి బీడీ తాగొచ్చిన."

అందరూ నవ్వారు. భూమిక నవ్వలేదు. బెంచీవైపు చూస్తోంది.

బెంచీమీది ఆమె పేర్లన్నీ చదివించుకుంది. పక్కనున్న అబ్బాయి రాజేశం ఆమెకు చదివి వినిపించాడు. చివరికి వచ్చాక, "నాది?" అంది.

"లేదు పెద్దవ్వా."

"మంచిగ సూడు. శంకరవ్వ అనుంటది."

"మళ్ళ సూసిన. లేదు. నాది గూడ లేదు."

శంకరవ్వ కాళ్ళు కిందికి దించింది. ఎవరినీ తిట్టలేదు. "పోయినేడు పద్దెనిమిది క్వింటాళ్ళు ఏసిన గదయ్యా," అంది రాజలింగుతో. "గా పత్తి మీద కూసోనే మిల్లుకొచ్చిన. బండి పొంటి నేనే వచ్చి, కాంటా కాడ నేనే పేరు రాపిచ్చిన. మరి నా పత్తి ఎవ్వలదైంది?"

రెండు రోజులుగా భూమిక ఎదురుచూసిన క్షణం అదే. అప్పుడు పద్మలత మొహం ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకుంది. కాని ఇప్పుడు ఆమె కళ్ళు పద్మలత వైపు పోలేదు. శంకరవ్వ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్న తీరు మీదే ఆగిపోయాయి. పత్తి కాయల మొనలు గీరిన గీతలు వేళ్ళనిండా ఉన్నాయి.

పద్మలత కంగారుపడలేదు. శంకరవ్వ నోడ్ వెతికి తీసింది. లేబుల్ చూసింది. తర్వాత డేటా ఎక్కించే స్క్రిప్టు తెరిచి కిందికి జరుపుతూ పోయింది. అంతా గోడమీద పెద్దగా కనిపిస్తోంది. ఒకచోట ఆగింది.

పాస్‌బుక్ నంబరు ఖాళీగా ఉంటే, డ్రైవర్. ఆ వరసకు పైన రాసినవాళ్ళ పేరు, తేదీ. భూమిక. పెళ్ళి సెలవు అయ్యాక ఆఫీసుకు వచ్చిన మొదటి రోజు.

ఆ రోజు గుర్తుంది. అరచేతుల్లో గోరింటాకు ఎర్రగా ఉంది. కాంటా రిజిస్టరులో 'పత్తి తెచ్చినవారు' అనే ఒక్క గడిలోనే రైతు పేరూ, బండి డ్రైవర్ పేరూ రాసి ఉండేవి. ఎవరు ఎవరో తెలియక, పాస్‌బుక్ లేనివాళ్ళు డ్రైవర్లే అయి ఉంటారని ఒక్క వరస రాసి, ఐదున్నరకు కింద స్కూటర్ హారన్ వినబడగానే లేచి పరుగెత్తింది. కౌలుకు చేసేవాళ్ళకు పాస్‌బుక్ ఉండదు. ఇది ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె బాపు తొమ్మిదేళ్ళు కౌలు చేశాడు.

పద్మలత ఆ వరసను చూసింది. భూమిక వైపు చూడలేదు. తెరమీది పేజీని గబుక్కున పైకి జరిపేసింది. "నా తప్పే సార్. లేబుల్ పెట్టెటప్పుడు మనుషుల లెక్క సరిపోయిందా లేదా అని చూడకపోతిని."

మంగళవారం వచ్చి అడిగానని అనలేదు. అక్క పడుతుందన్నదనీ అనలేదు.

"కాదు సార్," అంది భూమిక. లేచి నిలబడింది. కుర్చీ కీచుమంది. "ఆ లైను నేను రాసిన. పాస్‌బుక్ లేకుంటే డ్రైవర్ అని రాసింది నేనే."

పరశురాములు సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత రాజలింగు వైపు తిరిగాడు. "సూసిన్రా అన్నా. గిట్లుండాలె. మీద పడకముందే తప్పు ఒప్పుకున్నది. పద్మలతా, నువ్వు నేర్చుకోవాలె బిడ్డా. తొందర మంచిదే గాని చెక్ జేసుకోవాలె. సరే, ఇక్కడ్నే చెప్తున్న, ఆదిలాబాద్ పని భూమిక చూసుకుంటది."

"సరే సార్," అంది పద్మలత.

అంత సులువుగా చేతికొచ్చింది. ఎనిమిది నెలలు కోరుకున్నది, నలభై మిల్లీ సెకన్లలో. పెద్దమనుషులు తల ఊపుతున్నారు. సంబరం వస్తుందేమోనని భూమిక ఒక్క క్షణం చూసింది. రాలేదు.

"ముందు ఈ పేర్లు సరిజేద్దాం," అని సంచిలోని కాగితం తీసి మడతలు విప్పింది. అది ఎప్పుడు రాసిన కాగితమని ఎవరూ అడగలేదు. పద్మలత మాత్రం ఆ మడతలవైపు చూసింది. నాలుగు మడతలు, అంచులు అప్పటికే నలిగి ఉన్నాయి.

భూమిక వెళ్ళి శంకరవ్వ పక్కన బెంచీమీద కూర్చుంది. "ఈ పన్నెండుమందిల నిజంగ బండి తోలేటోళ్ళు ఎవరో, పంట తీసినోళ్ళు ఎవరో నువ్వే చెప్పాలె అవ్వా."

"సదువు."

"హనుమండ్లు."

"బండాయన. ఆయనకు గుంటెడు జాగ లేదు. మూడిండ్ల పత్తి ఒక్క బండిల ఏస్కస్తం, ఆయన తోల్కస్తడు."

"నాగవ్వ."

శంకరవ్వ మూతి బిగించింది. రాజేశం నేలచూపులు చూస్తూ నవ్వాడు. "మా తోటికోడలు," అంది శంకరవ్వ. "మూడేండ్లయింది మాటల్లేవు. నోరు మంచిది గాదు. రైతే. రాయి."

"లచ్చయ్య."

"రైతు. నాలుగెకరాల కౌలు."

"బుచ్చవ్వ."

"రైతు. ఏరుడు గూడ ఆమెనే ఏర్తది, కూలోళ్ళను పెట్టది, పిసినారి."

పేరు చదవడం, ఆమె చెప్పడం, పద్మలత మీట నొక్కడం. రాజేశం పేరు వచ్చేసరికి శంకరవ్వ అతన్ని మోచేత్తో పొడిచింది. "వీడు ట్రాలీ తోల్తడు, మా పక్క చెల్క రెండెకరాలు చేస్తడు. వీణ్ణి ఏమని రాస్తవ్?"

భూమిక తల ఎత్తింది. జవాబు తనకు తెలుసనిపించింది గాని, తెలుసు అనలేదు. "పద్మా, ఒక్క మనిషికి రెండు లేబుళ్ళు పెడితే నీ ప్రశ్న నెమ్మదిస్తదా?"

"నెమ్మదియ్యదక్కా. రైతులల్ల ఎతికితే రైతులల్ల దొరుకుతడు, డ్రైవర్లల్ల ఎతికితే ఆడ దొరుకుతడు."

"రెండూ పెట్టు."

ముగ్గురు డ్రైవర్లుగానే మిగిలారు. తొమ్మిదిమంది రైతులయ్యారు. పద్మలత ప్రశ్న మళ్ళీ నడిపింది. అరవై పేర్లు. నలభై ఒక్క మిల్లీ సెకన్లు. రాజేశం లేచి తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించాడు. "గిదే పెద్దవ్వా. శంకరవ్వ."

శంకరవ్వ చదవలేని ఆ అక్షరాలను చాలాసేపు చూసింది.

"గింతేనా? గీ పని గింతసేపట్ల అయితదా?"

"గింతే అవ్వా," అంది భూమిక.

"మరి ముందుగాల్నే ఎందుకు జెయ్యకపోతిరి? నేను బస్సు కిరాయి పెట్టుకొని ఈడిదాక వచ్చి, పదిమంది ముంగట నాది లేదనిపిచ్చుకుంటి."

"ఇప్పుడే బయటపడ్డది గద పెద్దమ్మా," అన్నాడు సార్ నవ్వుతూ. "తెలువంగనే చేసేసిన్రు పిల్లలు."

అక్కడితో ఆగిపోవచ్చు. సార్ తనకోసమే ఆ మాట అన్నాడు, అది చాలు. తలూపితే చాలు. భూమిక కాగితాన్ని మడతల వెంబడే మళ్ళీ మడిచింది. పైకి చూస్తే పద్మలత ఆమెనే చూస్తోంది. నిందించడం లేదు, అడగడం లేదు. ఊరికే చూస్తోంది.

"ఇప్పుడు కాదు సార్," అంది భూమిక. "నాకు బుధవారమే తెలుసు."

రాజలింగు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, సరిగ్గా వినబడనట్టు.

"పద్మలత మంగళవారం వచ్చి అడిగింది, అందరికీ లేబుల్ ఉన్నదా అని. చూడకుండనే ఉన్నది అని చెప్పిన. బుధవారం పన్నెండుమంది లేరని తెలిసింది. చెప్పలే."

సార్ మొహంలోంచి నవ్వు మెల్లగా దిగిపోయింది.

"తెలిసి చెప్పకపోతివా?" అంది శంకరవ్వ. "ఎందుకు బిడ్డా?"

"ఈ పిల్ల నాకంటె ముందు కనుక్కున్నదని అవ్వా."

బయట మిల్లు ఆవరణలో ఎవరో ఇనుప తక్కెడను ఈడ్చుకుపోతున్నారు. శంకరవ్వ పక్కకు చూసి, తర్వాత ఎదురుగా చూసి, ముక్కు కొంగుతో తుడుచుకుంది. "మా ఊరొక్కటేనా, వేరే ఊర్లల్ల గూడ గిట్లనే ఉంటరా మనుషులు?" అని అడిగింది.

"ఇంకా ముప్పైఏడు ఊర్లున్నయి," అని పద్మలత జవాబు చెప్పింది.

సార్ గొంతు సవరించుకున్నాడు. "అయితే పద్మలతా," అన్నాడు, భూమికను చూడకుండా, "ఈ పని నువ్వే…"

"సరే సార్," అంది పద్మలత, ఇందాక అన్న గొంతుతోనే. లాప్‌టాప్ ఎత్తుకుని వచ్చి బెంచీ దగ్గర నిలబడింది. రాజేశం జరిగాడు. శంకరవ్వ కూడా జరిగింది. పద్మలత భూమిక పక్కన ఇరుక్కుని కూర్చుని, లాప్‌టాప్ తన ఒళ్ళో పెట్టుకుని రెండో ఊరు తెరిచింది. పాస్‌బుక్ లేనివాళ్ళు పంతొమ్మిదిమంది. ఆ ఊరివాళ్ళకు ఫోన్ కలపమని రాజలింగుతో చెప్పింది. స్పీకర్ పెట్టమంది.

"నేను మీట నొక్కుత," అంది భూమిక వైపు తిరక్కుండానే. "నువ్వు పేర్లు చదువక్కా. గట్టిగ చదువు, వాళ్ళకు ఇనబడాలె."

భూమిక మొదటి పేరు గట్టిగా చదివింది.